"ఎమ్యులేటర్ ఉందిగా" అనే మేధావులకు

మొన్న ఆఫీసులో భోజనాల దగ్గర నోరు జారాను. శని, ఆదివారాలు కూర్చుని బీబీసీ మైక్రో కోసం ఒక ఫైల్ ట్రాన్స్‌ఫర్ ప్రోగ్రాం మారుస్తున్నానని చెప్పేశాను. "పనీపాటా లేదా? ఎమ్యులేటర్ ఉందిగా!" అన్నాడు మా లీడు. మిగతావాళ్ళు పెరుగన్నం కలుపుకుంటూ నవ్వారు. అప్పుడు నోట మాట రాలేదు గానీ, ఇదిగో ఇప్పుడు చెప్తున్నా.

ఎమ్యులేటర్ అంటే ఖాళీ పొయ్యి బాబూ. బియ్యం ఎవరు తెస్తారు? నెట్లో దొరికేవన్నీ ఇంగ్లాండు పిల్లలు ఆడుకున్న గేములు. మా మావయ్య రాసిన భిన్నాల పాఠం ఏ సైట్లోనూ లేదు. 1984-85లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం పెట్టి బడులకి ఈ మిషన్లు పంపింది. 32 కేబీ మెమరీ, 2 మెగాహెర్ట్జ్ 6502 ప్రాసెసర్. మావయ్య లెక్కల మాస్టారు కాబట్టి కంప్యూటర్ గది తాళంచెవి ఆయన చేతిలో పెట్టారు. మాన్యువల్ చూసి తనే బేసిక్ నేర్చుకుని పిల్లలకి పాఠాలు రాశాడు. తర్వాతెప్పుడో బడివాళ్ళు తూకానికి వేస్తుంటే ఒక సెట్టూ పద్నాలుగు ఫ్లాపీలూ కొనుక్కుని అటక మీద దాచాడు. ఇప్పుడా ఫ్లాపీలకి బూజు పడుతోంది.

అందులోంచి ఫైళ్ళు బయటికి రావాలంటే అందులో ట్రాన్స్‌ఫర్ ప్రోగ్రాం ఉండాలి. ఆ ప్రోగ్రాం అందులోకి వెళ్ళాలన్నా ట్రాన్స్‌ఫర్ ప్రోగ్రామే కావాలి! పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు. అదృష్టం కొద్దీ తయారుచేసిన ఏకార్న్ వాళ్ళు ఒక దారి వదిలారు. స్టార్ ఎఫ్‌ఎక్స్ 2,1 అని కొడితే సీరియల్ పోర్టులో వచ్చే ప్రతి అక్షరాన్నీ కీబోర్డు మీద కొట్టినట్టే తీసుకుంటుంది. లాప్‌టాప్ నుంచి లిస్టింగు వదిలితే, కనబడని మనిషెవరో టైపు చేస్తున్నట్టు తెర మీద లైన్లు పడిపోయాయి. ఆ ముచ్చట చూడ్డానికైనా ఒక ఆదివారం తగలెయ్యొచ్చు.

మొదట ఎక్స్‌మోడెమ్ పెట్టాను. 1977లో వార్డ్ క్రిస్టెన్సన్ రాసింది. 128 బైట్ల ముక్క, దానికో చెక్‌సమ్, తప్పొస్తే మళ్ళీ పంపు, అంతే. బైట్లన్నీ భేషుగ్గా వచ్చాయి. తీరా ఎమ్యులేటర్లో పెడితే పాఠం మొదలై, బొమ్మ దగ్గర బిగుసుకుపోయింది. ఆ బొమ్మ ఏంటంటే, తెలుగు ఫాంటు లేని మిషను మీద మావయ్య చుక్క చుక్కా పెట్టి గీసుకున్న "భిన్నములు" అనే అక్షరాలు. పూర్తి తెర, 10 కేబీ.

సంగతేంటంటే, ఆ డిస్కు సిస్టమ్‌లో ప్రతి ఫైలుకీ పేరుతో పాటు మెమరీలో ఎక్కడ కూర్చోవాలో చెప్పే లోడ్ అడ్రసు, ఎక్కణ్ణించి నడవాలో చెప్పే ఇంకో అడ్రసు ఉంటాయి. ఎక్స్‌మోడెమ్ ఫైలు పేరే పంపదు, ఇంక ఇవేం పంపుతుంది! అడ్రసు సున్నా అయిపోయి, బొమ్మ పోయి సిస్టమ్ తన సొంత లెక్కలు రాసుకునే చోట పడింది. అందుకని వైమోడెమ్ పద్ధతిలో ముందొక సున్నా నంబరు బ్లాకు పంపి, అందులో పేరూ పొడవుతో పాటు ఆ రెండు అడ్రసులూ చేర్చాను. పేర్లు ఇంకో తలనొప్పి. ఏడక్షరాలు మించకూడదు, చుక్క పెడితే అది ఎక్స్‌టెన్షన్ కాదు, డైరెక్టరీ.

"గ్రీజ్‌వీజిల్ బోర్డు కొని డిస్క్ ఇమేజ్ తియ్యొచ్చుగా" అని ఇంకొకాయన. తియ్యొచ్చు, మంచి బోర్డే. దాంట్లో పాత ఫార్మాట్లు చదివే కోడు ఆకాశం నుంచి ఊడిపడిందా? నాలాంటి పనీపాటా లేనివాడెవడో రాసిందేగా!

మనం మాత్రం "ఎండ్ ఆఫ్ లైఫ్" అని ఒక మెయిలు కొట్టి చేతులు దులిపేసుకుంటాం. ఎవరి లైఫండీ? మిషను బానే ఉంది. మావయ్యా బానే ఉన్నాడు. పోతున్నది ఆయన పదేళ్ళ రాత్రులు. అది ఎందుకూ పనికిరాని సరుకని తేల్చడానికి మూడేళ్ళకో ఫ్రేమ్‌వర్క్ మార్చే మనమెవరం?

నాలుగు ఫ్లాపీలు అయ్యాయి, పది మిగిలాయి. తెర మీద "భిన్నములు" కనబడగానే మావయ్య కళ్ళజోడు సవరించుకుని, "ఒరే, ఆ భ ఒత్తు సరిగ్గా పడలేదు, దిద్దాలి" అన్నాడు.

మీరు చదివిన బడి స్టోర్‌రూములో ఇలాంటి మిషనుంటే, తూకానికి వెయ్యకముందు నాకో మెయిలు కొట్టండి, కోడు పంపిస్తా. కేబుల్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఆ సీరియల్ ప్లగ్గు తలకిందులుగా కూడా దూరుతుంది, నేను రెండు గంటలు అక్కడే పోగొట్టుకున్నా.