పెనుకొండా? మైసూరా?

‘పెరటి చెట్టు మందుకు పనికిరాదు’, ‘దూరపు కొండలు నునుపు’ అని పెద్దలు రెండు సామెతలు చెప్పారు. ఈ రెండూ మన హాస్టల్లో ప్రతి ఏటా డిసెంబరు నెలలో నిజమవుతాయి. విహారయాత్ర మాట రాగానే స్టడీ అవర్‌లో పుస్తకాలు మూతపడతాయి. “మైసూరు పోదాం” అని ఒక వర్గం అరుస్తుంది. “అంత డబ్బు యాడిది? పెనుకొండకు పోదాం” అని ఎవరో మెల్లగా అంటారు. “పెనుకొండలో ఏముందిరా, కొండ, కోతులు తప్ప” అని అందరూ నవ్వుతారు. అంతటితో పెనుకొండ మాట అణగిపోతుంది.

పదో తరగతి చదువుతున్న మేము పోయిన సంవత్సరం మైసూరు చూశాం. ఈ సంవత్సరం పెనుకొండ చూశాం. రెండూ చూసినవాళ్లం కాబట్టి, ఈ వార్షికోత్సవ సంచికలో మా అభిప్రాయం నిర్మొహమాటంగా రాస్తున్నాం. తమ్ముళ్లు, పూర్వ విద్యార్థులైన అన్నలు చదివి, తప్పుంటే చెప్పాలని కోరుతున్నాం.

ముందుగా మైసూరు గురించి చెబుతాం. దాన్ని తక్కువ చేసి మాట్లాడితే అది అబద్ధం అవుతుంది. ఆదివారం సాయంత్రం ప్యాలెస్ మీద దాదాపు లక్ష దీపాలు ఒక్కసారిగా వెలిగినప్పుడు మా నోట మాట రాలేదు. కరెంటు పోతే కిరోసిన్ బుడ్డి పెట్టుకుని చదివిన కాలం గురించి మన అన్నలు చెబుతుంటారు. ఆ హాస్టల్ పిల్లలమే అంత వెలుగును చూస్తూ నిలబడ్డాం. పాత చెక్క ప్యాలెస్ 1897లో కాలిపోతే, హెన్రీ ఇర్విన్ అనే బ్రిటిష్ ఇంజనీరు నమూనా ప్రకారం ఇప్పుడున్న ప్యాలెస్‌ను 1912 నాటికి పూర్తి చేశారు. జంతుప్రదర్శనశాల 1892 నాటిది. చాముండి కొండ మీద ఏకశిలా నంది ఉంది. ఇవన్నీ చూడదగినవే.

మనలాంటి వాళ్లు మైసూరు చూడటానికి వీటన్నిటికంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. అది మాకు అక్కడ ఎవరూ చెప్పలేదు, తిరిగి వచ్చాక లైబ్రరీలో చదివి తెలుసుకున్నాం. ప్రభుత్వ ఉద్యోగాలన్నీ ఒకే వర్గం చేతిలో ఉన్నాయని జనం మొర పెట్టుకుంటే, నాల్వడి కృష్ణరాజ ఒడయార్ 1918లో న్యాయమూర్తి లెస్లీ మిల్లర్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. దాని సిఫారసుల మీద 1921లో వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాల్లో ప్రాధాన్యం ఇస్తూ ఉత్తర్వులు వచ్చాయి. కొల్హాపూర్‌లో సాహూ మహారాజ్ 1902లో మొదలుపెట్టిన దారిలో ఇది మరొక అడుగు. మనం ఈ హాస్టల్లో కూర్చుని అన్నం తింటున్నామంటే, దాని వెనుక ఇలాంటి అడుగులు ఎన్నో ఉన్నాయి. మన రాయలసీమకు చెందిన కట్టమంచి రామలింగారెడ్డి గారు మైసూరు మహారాజా కళాశాలలోనే పాఠాలు చెప్పారు. తర్వాత 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆ కళాశాల ఉన్న ఊరికి వెళ్లి, ఆ కళాశాల గేటు కూడా చూడకుండా తిరిగి వచ్చాం.

ఎందుకు చూడలేదు? టైము లేదు. రాత్రి బయలుదేరి మూడు వందల కిలోమీటర్లు పైగా ప్రయాణం చేశాం. ప్యాలెస్‌లో ముందున్నవాడి వీపు చూస్తూ నడిచాం. “పదండి, పదండి” అనే మాట ఆ రోజు ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. మళ్లీ రాత్రి బస్సెక్కి నిద్రపోయాం. పెద్ద నగరం తప్పు ఏమీ లేదు. వంద చూడాల్సినవి ఉన్న ఊరికి ఒక్క రోజు పెట్టుకుని పోవడం మన తప్పు.

టైము కంటే పెద్ద సంగతి డబ్బు. మైసూరుకు తలా రూ.1,200 కట్టమన్నారు. మన హాస్టల్లో 94 మందిమి ఉంటే, కట్టగలిగినవాళ్లం 31 మందిమి. మిగతా 63 మంది ఏమయ్యారు? ఏడో తరగతి తమ్ముడు ఒకడు ట్రంకు పెట్టె మీద కూర్చుని, “నాకు బస్సు పడదన్నా, వాంతులైతాయి” అన్నాడు. మేము నమ్మాం. బస్సు బయలుదేరేటప్పుడు గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపాడు. వాడు ఇంట్లో డబ్బు అడగలేక అలా చెప్పాడని తర్వాత తెలిసింది. వాళ్లమ్మ వేరుశనక్కాయ పీకే కూలికి పోతుంది. మనమంతా ఒకే పళ్లెం వరుసలో నిలబడి అన్నం పెట్టించుకునేవాళ్లం. ఒక విహారయాత్ర వచ్చి మనల్ని పోయేవాళ్లు, ఉండేవాళ్లు అని రెండుగా చీల్చింది. ఆ చీలిక మాకు నచ్చలేదు.

అందుకే ఈ సంవత్సరం వార్డెన్ సార్‌ను అడిగి పెనుకొండ ఖాయం చేశాం. తెల్లవారుజామున మూడు గంటలకే వంట అక్క, కామాటి అన్న లేచి పులిహోర కలిపారు. ఆర్డినరీ బస్సుల్లో 94 మందిమీ పోయాం. ఎవరి దగ్గరా పైసా వసూలు చేయలేదు. హాస్టల్ మిగులుకు సార్లు తలా కొంత కలిపి చార్జీలు పెట్టారు. బస్సు పడదన్న తమ్ముడు కిటికీ పక్క సీటులో కూర్చుని దారి పొడవునా మాట్లాడుతూనే ఉన్నాడు.

పెనుకొండ అంటే పెద్ద కొండ. 14వ శతాబ్దంలో మొదటి బుక్కరాయల కొడుకు వీర విరూపణ్ణ ఈ సీమను ఏలాడు. కోట ఆయన కాలంలో కట్టిందని ఉత్తర ద్వారం దగ్గరి శాసనం చెబుతుంది. 1565లో రాక్షసి తంగడి యుద్ధంలో అళియ రామరాయలు చనిపోయాక, ఆయన తమ్ముడు తిరుమల రాయలు సదాశివరాయలను వెంటబెట్టుకుని హంపి వదిలి ఇక్కడికే వచ్చాడు. ఆ శతాబ్దం చివర్లో రాజధాని చంద్రగిరికి మారేదాకా విజయనగర రాజ్యానికి ఈ చిన్న ఊరే దిక్కు అయింది. పరీక్షలో ‘తళ్లికోట యుద్ధం 1565’ అని ఖాళీలు పూరించి మార్కులు తెచ్చుకున్నాం. ఓడిపోయినవాళ్లు ఆ తర్వాత ఎక్కడికి పోయారో ఎప్పుడూ అడగలేదు. మన పక్క ఊరికే వచ్చారు.

ఊరు చిన్నది కాబట్టి నడిచే చూశాం. గగన్ మహల్ మెట్ల దగ్గర అరగంట కూర్చున్నాం, ఎవరూ తొందరపెట్టలేదు. రామాలయం, శివాలయం పక్కపక్కనే ఉన్నాయి. పార్శ్వనాథస్వామి జైన దేవాలయం ఉంది. బాబయ్య స్వామి దర్గాలో మనలో అన్ని మతాల పిల్లలూ మొక్కారు. మహామంత్రి తిమ్మరుసు చివరి రోజులు ఇక్కడే గడిచాయని ఊరివాళ్లు కథగా చెప్పారు. అది చరిత్రా, కథా అని తిరుగు బస్సులో మాలో మాకు పెద్ద వాదన జరిగింది. మైసూరు నుంచి వచ్చేటప్పుడు అలాంటి వాదన జరగలేదు.

ఒక సంగతి మాత్రం మేము ఎప్పటికీ మరిచిపోము. కోట గోడ దగ్గర ఒక బండ అంచున వరుసగా చిన్న చిన్న గాట్లు కనిపించాయి. ఏమిటవి అని సోషల్ సార్ అడిగితే ఎవరికీ తెలియలేదు. వెనుక నుంచి ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు ముందుకు వచ్చాడు. వాళ్ల నాన్న బండలు కొడతాడు. “సార్, వరసగా గుంతలు తొలిచి, వాటిలో చీలలు దిగ్గొడితే బండ గీత గీసినట్టు చీలుతుంది. మా నాయన ఇట్లే చేస్తాడు” అన్నాడు. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని పిల్లవాడు అందరికీ పాఠం చెప్పాడు. సార్ నిలబడి విన్నారు. మైసూరులో గైడు చెబితే మేము విన్నాం. పెనుకొండలో మావాడు చెబితే అందరూ విన్నారు. రాజుల చరిత్రలో మన నాన్నల చేతిపని కూడా ఉందని ఆ రోజు కళ్లతో చూశాం.

దీనికి మా మిత్రులు కొందరు గట్టిగా అడ్డు చెప్పారు. “డబ్బున్న పిల్లలు నగరాలు చూడాలి, మనం మాత్రం పక్క ఊరితో సరిపెట్టుకోవాలా? ‘మీకు ఇది చాలు’ అనే మాట మన తాతల కాలం నుంచి వింటున్నదే కదా?” అన్నారు. ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. మేము దాన్ని కాదనం. ఆ ‘చాలు’ అనే మాటకు మేమూ వ్యతిరేకమే. యూనివర్సిటీ, మ్యూజియం, పెద్ద రైల్వే స్టేషను చూడని పిల్లవాడికి రేపు పెద్ద చదువుకు నగరం పోవాలంటే కాళ్లు వణుకుతాయి. కాబట్టి పెనుకొండ చాలు అని మేము అనడం లేదు. పెనుకొండ ముందు అంటున్నాం.

ఇలా అనడానికి చరిత్రలోనే ఆధారం ఉంది. మైసూరు దసరా విజయనగర రాజుల నుంచి వచ్చిన ఆచారం. 1610లో రాజ ఒడయార్ విజయనగర ప్రతినిధి చేతిలో ఉన్న శ్రీరంగపట్నాన్ని తీసుకుని, అక్కడ ఆ ఉత్సవాన్ని మొదలుపెట్టాడు. మైసూరు బంగారు సింహాసనం గురించి వాళ్లు చెప్పుకునే కథ ఇంకా విచిత్రం. ఆ సింహాసనం ఒకప్పుడు పెనుకొండలో పాతిపెట్టి ఉండేదట, విద్యారణ్యస్వామి ఆ చోటు చూపిస్తే హరిహరరాయలు తవ్వించి తీశాడట! కథే కావచ్చు. కానీ లక్ష దీపాల మైసూరు తన సింహాసనానికి గొప్పతనం తెచ్చుకోవడానికి మనం నవ్విన పెనుకొండ పేరే చెప్పుకుంది. పెనుకొండ చూసి పోయినవాడికి మైసూరు అర్థమవుతుంది. ముందే మైసూరు పోయిన మాకు దీపాలు మాత్రమే కనిపించాయి.

ఇప్పుడు మా సూచనలు:

మొదటిది, ప్రతి సంవత్సరం హాస్టల్ మొత్తం కలిసి దగ్గరి చారిత్రక స్థలానికి పోవాలి. పెనుకొండ అయ్యాక లేపాక్షి ఉంది, గుత్తి కోట ఉంది. పిల్లల దగ్గర డబ్బు వసూలు చేయకూడదు. ఒక్కడు మిగిలిపోయినా ఆ యాత్ర వద్దు.

రెండవది, పోయే ముందు రెండు స్టడీ అవర్లు ఆ స్థలం గురించి చదవాలి. మేము తిరిగి వచ్చాక చదివి బాధపడ్డాం. మీరు ముందే చదవండి.

మూడవది, పదో తరగతి పిల్లలందరినీ ఒక్కసారి మైసూరుకు తీసుకుపోవాలి. రెండు రాత్రులు అక్కడ ఉండాలి. ప్యాలెస్‌తో పాటు మహారాజా కళాశాల, యూనివర్సిటీ చూపించాలి. దీనికి డబ్బు కావాలి. ఇక్కడ చదివి ఈ రోజు టీచర్లుగా, కండక్టర్లుగా, కానిస్టేబుళ్లుగా, పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీలో ఉద్యోగులుగా ఉన్న అన్నలను అడుగుతున్నాం. ఒక అన్న ఒక తమ్ముడి ఖర్చు భరిస్తే చాలు. మేము కూడా ఉద్యోగాలు వచ్చిన సంవత్సరం నుంచి మా వంతు ఇస్తామని ఈ పేజీలో రాసి ఇస్తున్నాం. మరిచిపోతే ఈ సంచిక తెచ్చి మా ముందు పెట్టండి.

మార్చిలో మా పరీక్షలు. ఏప్రిల్లో మా ట్రంకు పెట్టెలు ఇంటికి పోతాయి. వచ్చే డిసెంబరులో ఈ చర్చ మళ్లీ వస్తుంది. అప్పుడు ఎవరైనా “నాకు బస్సు పడదన్నా” అంటే నమ్మకండి. వాడి పక్కన కూర్చుని అసలు సంగతి అడగండి.