కండకూ పరుగుకూ పొత్తు కుదరదా?

బరువులెత్తేవాడు పరుగు జోలికి పోరాదనీ, దూరాలు పరుగెత్తేవాడు ఇనుము ముట్టరాదనీ మన వ్యాయామశాలల్లో ఒక మాట స్థిరపడిపోయింది. మొదటివాడికి కండ కరుగుతుందన్న భయం, రెండోవాడికి ఒళ్ళు బరువెక్కుతుందన్న బెంగ. ఈ భయాలు పూర్తిగా అబద్ధాలు కావు గానీ, వాటికి మనమిచ్చే గౌరవం మాత్రం కాస్త ఎక్కువేనని నా అభిప్రాయం.

ఈ మాటకు శాస్త్రంలో మూలం లేకపోలేదు. రాబర్ట్ హిక్సన్ అనే అమెరికన్ పరిశోధకుడు 1980లో ఒక ప్రయోగ ఫలితాలను ప్రచురించాడు. పది వారాలపాటు ఒక జట్టు బరువులే ఎత్తింది, ఇంకొకటి ఓర్పు సాధనే చేసింది, మూడోది రెండూ చేసింది. రెండూ చేసినవారి కాళ్ళ బలం ఏడు వారాల దాకా పెరిగి, ఆపైన నిలిచిపోయి, చివర్లో తగ్గింది. ఇంతవరకూ అందరూ చెబుతారు. మోతాదు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. వారానికి ఐదు రోజులు బరువులు, ఆరు రోజులు సైకిలూ పరుగూ, అదీ తీవ్రస్థాయిలో! వారానికి మూడు రోజులు పరుగెత్తే ఉద్యోగస్థుడికి ఆ ఫలితాన్ని అంటగట్టడం ఏం న్యాయం? పైగా వారి ఓర్పు ఏమాత్రం దెబ్బతినలేదు.

అదే హిక్సన్ 1988లో, అప్పటికే పరుగులోనూ సైకిలులోనూ ఆరితేరినవారి చేత వారానికి మూడు రోజులు కాళ్ళ బరువులు ఎత్తించాడు. బలం సగటున 30 శాతం పెరిగింది, తొడల చుట్టుకొలత మాత్రం మారలేదు. ఈ రెండో ప్రయోగాన్ని తలుచుకునేవారే కరువు.

అసలు తగాదా నా దృష్టిలో కంచం దగ్గర ఉంది. 65 కిలోల మనిషి పది కిలోమీటర్లు పరుగెత్తితే సుమారు 650 కేలరీలు ఖర్చవుతాయి. ఆ లోటు పూడ్చకుండా కండ పెరగాలంటే ఎలా? కండ పెంచదలచినవారికి కిలో బరువుకు రోజుకు 1.6 గ్రాముల మాంసకృత్తులు కావాలంటారు, అంటే అతనికి 104 గ్రాములు. గుడ్డుకు ఆరు గ్రాములు. వంద గ్రాముల పచ్చి కందిపప్పుకు ఇరవై పైచిలుకు. మనం అన్నంలో కలుపుకునే పప్పు ఎన్ని గ్రాముల కందిపప్పో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు. పరుగు కండను తినేసిందని వాపోయేవారిలో చాలామంది, నిజానికి, సరిగా తిననివారే.

ఇంత పట్టుదల ఎందుకంటారా? పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటిష్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ దేహాలనే ఉదాహరణగా చూపారు. ఇద్దరి బి.ఎం.ఐ. ఒకటే, 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. యుడ్కిన్ మారథాన్లు పరుగెత్తేవారు. యాజ్ఞిక్‌కు వ్యాయామమల్లా ఆసుపత్రి లిఫ్టు తలుపులు మూసుకునేలోగా పరుగెత్తడమేనట. దీన్ని పరుగు గొప్పతనానికి సాక్ష్యంగా చెప్పుకోవచ్చు, కాదనను. కానీ తూకం రాయి దేహం లోపలి సంగతి చెప్పదన్నది నాకు అంతకన్నా ముఖ్యంగా తోస్తుంది. భోజనం చేశాక రక్తంలోని చక్కెరను ఎక్కువగా ఇముడ్చుకునేది కండరమే. మధుమేహం ఇంతగా పెరిగిన మన సమాజంలో, ఉన్న కాస్త కండనూ పోగొట్టుకుని పతకం మెడలో వేసుకుంటే, బరువు తగ్గాడని నలుగురూ మెచ్చుకోవడం నాకు విచిత్రంగా ఉంటుంది.

ఇక ఆచరణ అంత కష్టమేమీ కాదు. పరుగు ప్రధానమైనవారికి వారానికి రెండు రోజుల బరువులు చాలు. ఒకే రోజు రెండూ తప్పనిసరైతే మధ్య ఆరేడు గంటల ఎడం ఉంచాలి. అంత వ్యవధి లేదూ, కండే ముఖ్యమనుకుంటే బరువులు ముందు ఎత్తాలి. ఆదివారం దూరప్రయాణమైతే శనివారం బస్కీలు మానుకోవాలి. జనవరిలో ముంబయి మారథాన్‌కు వెళ్ళదలచినవారు, మన ఎండల్లో ఎలాగూ పెద్ద దూరాలు సాగవు కనుక, ఏప్రిల్, మే నెలలను ఇనుముకు వదిలేసి, వర్షాలు పడ్డాక మళ్ళీ రోడ్డెక్కవచ్చు.