చేతిరాత తలరాత కాదు

‘చేతిరాత బాగుంటే తలరాత బాగుంటుంది’ అని మా బడి గోడ మీద రాసి ఉండేది. నా నోట్‌బుక్ చూసి మా సారు ‘మీవాళ్ళకి చదువెందుకురా’ అన్నాడు. పాఠం చెప్పమంటే గడగడా చెప్పేవాణ్ణి. రాయమంటే అక్షరాలు గీత దాటేవి, ఒత్తులు ఎగిరిపోయేవి, వేళ్ళు కొయ్యబారేవి. దానికి డిస్‌గ్రాఫియా అని పేరుందని పీహెచ్‌డీలో చేరాకే తెలిసింది.

ఇది బద్ధకం కాదు, తెలివితక్కువతనమూ కాదు. మనసులో ఉన్న మాటను కాగితం మీద పెట్టడంలో వచ్చే ఇబ్బంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది. 40 శాతం వైకల్యం లేదన్న సాకుతో స్క్రైబ్‌ను నిరాకరించకూడదని 2021లో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

కానీ సర్టిఫికెట్ రావాలంటే ముందు ఎవరికో అనుమానం రావాలి. డబ్బున్న ఇంటి పిల్లవాడి వంకర రాతలో టీచరుకి సమస్య కనిపిస్తుంది. మాదిగ పిల్లవాడి రాతలో కులం కనిపిస్తుంది. ఒకరికి అదనపు సమయం, ఇంకొకరికి బెత్తం దెబ్బ. మూడు గంటల్లో చెయ్యి ఎంత పరుగెత్తిందో కొలిచి, దానికి మెరిట్ అని పేరు పెడతారు.

వైకల్యమున్న పిల్లలను గుర్తించడానికి ఐదేళ్ళకోసారి బడుల్లో సర్వే చేయాలని ఆ చట్టంలోని 17వ సెక్షన్ చెబుతోంది. ఆ సర్వే సంక్షేమ హాస్టళ్ళ దాకా రావాలి, పరీక్షలు పిల్లల భాషలో జరగాలి.

మన తలరాతలు రాసిన మనుస్మృతిని 1927లో మహాడ్‌లో తగలబెట్టిన అంబేడ్కర్ వారసులం మనం. చేతిరాత చూసి మన పిల్లల తలరాత తేల్చే హక్కు ఏ సారుకూ లేదు.