ఎండ ఒక్కటే చాలదు

రోహిణీ కార్తెలో బెజవాడ ఎండకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండ చూసి ఒక విద్యార్థి నన్నడిగాడు: "మాస్టారూ! ఇంత ఎండ వృథాగా పోతోందే, మన కార్లు దీంతోనే నడపకూడదా?"

ఎండతో నడిచిన కార్లు లేకపోలేదు. 1987 నవంబరులో ఆస్ట్రేలియాలో ఉత్తరాన ఉన్న డార్విన్ నుంచి దక్షిణాన ఉన్న అడిలైడ్ దాకా, దాదాపు 3,000 కిలోమీటర్ల దూరం సౌరకార్ల పందెం జరిగింది. జనరల్ మోటార్స్ వారి 'సన్‌రేసర్' గంటకు సగటున 67 కిలోమీటర్ల వేగంతో నడిచి గెలిచింది. ఆ తర్వాత కూడా అదే దారిలో ఎన్నోసార్లు పందేలు జరిగాయి. అయితే అక్కడ గెలిపించేది ఎండ కాదు, పొదుపు అని నా అభిప్రాయం.

లెక్క చూద్దాం. నడినెత్తి ఎండలో చదరపు మీటరుకు సుమారు 1000 వాట్ల శక్తి పడుతుంది. 2023 పందెంలో ఒక్కరే కూర్చునే కార్లకు 4 చదరపు మీటర్లకు మించి సౌరఫలకాలు ఉండకూడదన్నారు. వాటిమీద 4000 వాట్ల ఎండ పడితే, మంచి సిలికాన్ ఫలకాలు కూడా అందులో నాలుగోవంతు మాత్రమే విద్యుత్తుగా మార్చగలవు. అంటే 1000 వాట్లు. ఇంట్లో ఇస్త్రీపెట్టెకు కావలసినంత!

పైగా మన వేడి ఫలకాలకు గిట్టదు. వాటికి కావలసింది వెలుతురు. ఒక్కొక్క డిగ్రీ వేడెక్కినకొద్దీ వాటి దిగుబడి సుమారు 0.4 శాతం తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర 100 వాట్లిచ్చే ఫలకం, 65 డిగ్రీలకు కాగితే 84 వాట్లే ఇస్తుంది.

మరి ఇంత కొద్ది శక్తితో అంత దూరం ఎలా? బరువు తగ్గించి, గాలిని చీల్చుకుపోయే ఆకారంలో కారును మలుస్తారు. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. తొందరపడ్డ డ్రైవరుకు బ్యాటరీ త్వరగా ఖాళీ అవుతుంది.

ఈ పొదుపు మన డెల్టా వారికి కొత్త కాదు. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నింపుకుంటారు. మళ్లీ కాలువ వచ్చేదాకా ఆ నీళ్లే గతి. సౌరకారులో ఫలకం కాలువ, బ్యాటరీ చెరువు. మబ్బు పట్టిందంటే కాలువ కట్టేసినట్టే!

"అంత డబ్బు పోసి ఒక్కడు కూర్చునే కారు చేస్తే ఎవరికి లాభం?" అనేవారున్నారు. నిజమే, అది ధాన్యం బస్తాలు మోయదు. కాని అందులో నేర్చిన పొదుపు మన విద్యుత్ ఆటోకూ పనికివస్తుంది. బరువు తగ్గిన ఆటో అదే ఛార్జితో ఎక్కువ దూరం పోతుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో ఆ మేరకు బొగ్గు మిగులుతుంది.

అందుకే మన బడుల్లోనూ ఇలాంటి పందెం పెట్టాలంటాను. చిన్న సౌరఫలకం, బొమ్మ మోటారు, నాలుగు చక్రాలు చాలు. ఫలకాలు మాత్రం అందరికీ ఒకే కొలతవి ఉండాలి. ముందు వచ్చిన బండికి కాక, ఎక్కువ బరువును ఎక్కువ దూరం లాగిన బండికి బహుమతి ఇవ్వాలి. పిల్లలూ, మబ్బు పట్టిన రోజున కూడా ఒకసారి పెట్టి చూడండి. అసలు పరీక్ష ఆ రోజే!