మర చిన్నదని ఉపేక్షింపరాదు



ఆరుబయటి విద్యుత్పరికరములను గూర్చి ఈ పత్రిక గత సంచికలో వెలువడిన వ్యాసము ఉపయుక్తమైనదే యైనను, స్టెయిన్‌లెస్ స్టీలు మర ఏదైనను చాలునన్న అందలి అభిప్రాయము కాకినాడ వంటి తీరపట్టణవాసులకు హానికరమని తలంచి ఈ లేఖ వ్రాయుచున్నాను.

లోతట్టు ఊళ్లలో చిరకాలము మన్నెడు 304 రకపు ఉక్కు సైతము, ఉప్పుగాలిలోని క్లోరైడులు తన్ను కాపాడు క్రోమియం ఆక్సైడు పొరను అచ్చటచ్చట భేదించుటచే సూక్ష్మరంధ్రముల పాలగును. 2 నుండి 3 శాతము మాలిబ్డినం గల 316 రకము ఆ తాకిడిని మేలుగా సహించును. జింకు పూతయందును భేదము కలదు: అంగడిలో మెరయు మరలపై విద్యుత్తుచే పూసిన పొర సాధారణముగ 5 నుండి 10 మైక్రానులు మాత్రమే, కరగిన జింకులో ముంచిన బోల్టులపై అది 40 మైక్రానులకు మించును.

వ్యాసకర్త స్పృశింపని విషయము మరియొకటి: భిన్నలోహములు తడిలో నొండొంటిని తాకినచో నచ్చట నొక చిన్న బ్యాటరీ యేర్పడును గనుక, అల్యూమినియం పెట్టెకు ఇత్తడి మర బిగించినపుడు క్షయించునది మర గాదు, పెట్టెయే. అందుచే నడుమ నైలాను వాషరు వేయుట మేలు. అయితే ఎర్తుతీగ బిగించుచోట నట్టి అడ్డు కూడదు, అచ్చట తగరపు పూతగల రాగి లగ్గునే వాడవలయును.

ఎర్తు బిగింపు తుప్పుపట్టి వదులైన నాడు, లోపము కలిగినపుడు ఫ్యూజు తెగకయే పెట్టె ప్రాణాంతకమగును. కావున కొద్దిపాటి వ్యయమునకు వెనుదీయవలదని పాఠకులను వేడుకొనుచున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, కాకినాడ