పనికిరాని పెద్ద సంఖ్య

"అంత పెద్ద సంఖ్య ప్రధానమైతేనేం, కాకపోతేనేం?" అని మీలో ఎవరైనా లెక్కల మాస్టారిని అడిగారా? అడిగితే తప్పేమీ లేదు. బార్లో అనే ఆంగ్ల గణితజ్ఞుడు 1811లోనే ఇంచుమించు ఆ మాట రాశాడు. ఆయన దృష్టిలో ఉన్న సంఖ్య 2147483647. అంటే 31 రెండ్లను గుణించి, ఒకటి తీసేస్తే వచ్చేది.

ఇది ప్రధాన సంఖ్య అని ఆయిలర్ 1772లో తేల్చాడు. అప్పటికి ఆయన చూపు దాదాపు పోయింది. మామూలుగా అయితే 46,340 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి 4,700కు పైగా ఉన్నాయి. కాని దీనికి ప్రధాన కారణాంకం ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గాని 63 గాని రావాలని ఆయిలర్ గ్రహించాడు. దాంతో పని సుమారు 80 భాగహారాలకు దిగింది! ఇవి వింతలే తప్ప ఉపయోగం లేనివి కనుక ఇంతకు మించి ఎవరూ పోరని బార్లో అనుకున్నాడు. 1876లో లూకా 39 అంకెల ప్రధాన సంఖ్యను కనుక్కొని ఆ మాటను వమ్ము చేశాడు.

మరి ఉపయోగం సంగతి? ఒకసారి బిట్రగుంట వెళదాం. ఆవిరి ఇంజన్ల రోజుల్లో అక్కడ గుండ్రని లోకోషెడ్డు పనిచేసేది. మధ్యన టర్న్‌టేబుల్, చుట్టూ ఇంజన్లు నిలిపే గదులు. అలాంటి షెడ్డును 12 గదులతో కాగితంపై గీయండి. ఇంజను 1వ గదిలో ఉంది. ప్రతిసారీ గది నంబరును రెట్టింపు చేసి, 12 దాటితే 12 తీసేసి, ఆ గదికి మార్చండి. 1, 2, 4, 8, 4, 8... ఇక ఆ రెండు గదుల మధ్యే తిరుగుడు. ఇప్పుడు 13 గదులు గీయండి. 1, 2, 4, 8, 3, 6, 12, 11, 9, 5, 10, 7, మళ్లీ 1. పదమూడో గది తప్ప అన్నీ తిరిగింది, అదీ ఎవరో చీట్లు తీసినట్టు! 13 ప్రధాన సంఖ్య. (అయినా అన్ని గుణకాలూ ఇలా తిప్పవు. 3తో చేస్తే 1, 3, 9తో సరి.)

1969లో కంప్యూటరు శాస్త్రజ్ఞులు 13 స్థానంలో 2147483647ను, 2 స్థానంలో 16807ను పెట్టారు. 214 కోట్లకు పైగా "గదులు" తిరిగాకే మొదటికి వస్తుంది. కంప్యూటరుకు పాచికలు దొరికాయి. తరవాత ఇంకా మెరుగైన పద్ధతులు వచ్చాయనుకోండి.

కాని "చూశారా, పనికొచ్చింది" అని బార్లోను వెక్కిరించడం నాకు ఇష్టం లేదు. ఆయిలర్ కంప్యూటరు కోసం భాగహారాలు చేయలేదు. 2024లో డ్యూరాంట్ కనుక్కొన్న ప్రధాన సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నాయి. అది ఎన్నటికీ ఎందుకూ పనికిరాకపోవచ్చు. అయినా వెతకడం సబబే అంటాను. "పరీక్షలో వస్తుందా?" అని అడిగి లెక్కను పక్కన పెట్టే అలవాటే నాకు భయం.

17 గదుల షెడ్డులో 2 చాలదు, 3 కావాలి. 19 గదులకు ఏది సరిపోతుందో నేను చెప్పను.