సమాధానమే సంతోషము



గాదె నిండ ధాన్యమును, పెట్టె నిండ వస్త్రములును గల యిండ్లలో సైతము సంతోషము లేకుండుట మనమెఱుగనిది కాదు. తోడికోడండ్రిద్దఱు మాటలాడుకొనని పూట పరమాన్నమైనను రుచింపదు. ఒకరి ముఖమొకరు చూచి నవ్వుకొనగల యింట జొన్నసంగటియైనను అమృతమగును. కావున సంతోషము వస్తువులలో లేదు, పొందికలో నున్నది.

తెలుగు బైబిలునందు శాంతికి ‘సమాధాన’మను పదము వాడబడినది. లోకవ్యవహారమున నామాటకు ప్రత్యుత్తరమని యర్థము. సంస్కృతమున దాని మూలార్థము చక్కగా నొకచో చేర్చి యుంచుట. మూడర్థములును ఒకదానికొకటి తోడైనవే. చెదరినదానిని చేర్చుటయే మన దుఃఖమునకు ప్రత్యుత్తరము, అదియే శాంతి.

దేవునితో సమాధానము, మనుష్యులతో సమాధానము అని రెండుగా చెప్పుచుందుముగాని, ప్రభువు వానిని వేఱు చేయలేదు. కానుక తెచ్చినవాడు, తన సహోదరుని మనస్సు తన వలన నొచ్చియున్నదని జ్ఞప్తికి వచ్చినచో, కానుకను విడిచి ముందుగా పోయి సమాధానపడవలెనని కొండమీది ప్రసంగమున బోధించెను. ఇక్కడ ఆయన యడిగినది మనకు ఇతరులమీద గల కోపమును గూర్చి కాదు. వారికి మనవలన కలిగిన నొప్పిని గూర్చి. మనకు తగిలిన దెబ్బ మనకు బాగుగ జ్ఞప్తియుండును. మనము కొట్టిన దెబ్బను వెదకి తెలిసికొనవలెను.

దువ్వూరు ప్రాంతపు స్త్రీలకు దీనికి పోలిక దూరమున వెదుకనక్కఱలేదు. తుంగభద్రపై సుంకేసులయొద్ద బయలుదేరు కర్నూలు-కడప కాలువ నీటితో ఇచ్చటి వరియు పసుపును పండుచున్నవి. పైనుండి నీరెంత వచ్చినను, నడుమ నొకడు వంతు తప్పించి నీటిని తన చేనికే మలపుకొన్నచో దిగువ చేను ఎండును. దేవుని కృపయు నట్టిదే. పైన కొఱత లేదు. పొరుగువారికి పాఱనీయక మనము వేసిన కట్టయే మన సంతోషమును గూడ నిలువనీరు చేయుచున్నది.

ఈ సత్యము సంఘచరిత్రలోను కనబడును. కడపలో లండను మిషను వారి పని 1822లో మొదలయ్యెను. చాగలమఱ్ఱి దగ్గరి ముత్యాలపాడు ఆంగ్లికను మిషనుకు కేంద్రమయ్యెను. ఇరువురును ఒకే ప్రభువును కొలిచిరి. అయినను సభలు వేఱు. 1919లో తరంగంబాడిలో కూడిన భారతీయ బోధకులు ఐక్యతకై పిలుపునిచ్చిరి. 1912లో దోర్నకల్లు బిషప్పైన వేదనాయకము సామ్యూలు అజరయ్యగారు దానికై కడవఱకు పాటుపడి, 1945లో కన్నుమూసిరి. 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. వేఱువేఱు సభలలో అభిషేకము పొందిన బోధకులను మరల అభిషేకింపకయే చేర్చుకొనిరి.

అయితే నంద్యాల ఆంగ్లికనులలో పలువురు నాడు చేరలేదు. వారి మనస్సాక్షికి సందేహములుండెను. నంద్యాల మండలము దక్షిణ ఇండియా సంఘమున చేరుట 1975లో జరిగెను. ఇరువదియెనిమిదేండ్లు! ఆలస్యమైనదని నిందించుట సులభము. కాని ఆ కాలమంతయు తలుపు మూయకుండుట కూడ ప్రేమయొక్క పనియే. అందఱి అభిప్రాయములు ఒకటియగు వఱకు ప్రేమింపక కాచుకొన్నచో ఏ యింటను, ఏ సంఘమునను సమాధానము కుదురదు.

ఈ పాఠమును మన వాకిళ్ళకు తెచ్చికొందము. ఆరాధనలో ప్రక్కప్రక్కన కూర్చుండి, వెలుపల నొకరి యింట నొకరు మంచినీళ్ళు త్రాగక కులము పాటించినచో, మనము పాడిన కీర్తన పెదవులకే పరిమితమగును. కోడలికి జ్వరము వచ్చినపుడు ఆమె పని తాను చేసిన అత్తగారు మాటలేకయే ప్రసంగము చేసినట్లు.

ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. సమాధానమనగా అన్యాయమునకు తలయొగ్గుట కాదు. కొట్టు భర్తను సహించుటయే భక్తియని స్త్రీకి బోధించుట ప్రభువు మార్గము కాదు. అట్టివారికి 2005వ సంవత్సరపు గృహహింస నిరోధక చట్టము రక్షణ నిచ్చుచున్నది. దానిని కోరుట పాపము కాదు. గాయమును కప్పివైచుట వేఱు, మాన్పుట వేఱు.

రాబోవు ప్రభు సంస్కారమునకు ముందు, మనవలన నొచ్చిన యొక్కరి పేరు ప్రార్థనలో తలంచుకొందము. పిమ్మట ఆ యింటి గడప త్రొక్కుదము. గొప్ప మాటలు అక్కఱలేదు. ‘అక్కా, ఆనాడు నామాట నిన్ను నొప్పించినది’ అనిన చాలును. ఆమె వెంటనే ఒప్పుకొనకున్నను తిరిగి పోవుదము. కట్ట తెగిన కాలువ వలె సంతోషము రెండు చేలకును పాఱును.